కొవ్వు తక్కువ, పీచు ఎక్కువ ఉన్న ఉప్పు బిస్కట్లను ఎలా ఎంచుకుంటున్నారు?

తార్నాక వాసి:
సాయంత్రం చాయ్‌తో రెండు ఉస్మానియా బిస్కట్లు లేనిదే మా నాన్నగారికి పొద్దు గడవదు. ఈమధ్య పరీక్షలో కొలెస్ట్రాల్ ఎక్కువని తేలడంతో, వాటి బదులు కొవ్వు తక్కువగా, పీచు ఎక్కువగా ఉండే క్రాకర్ల (ఉప్పు బిస్కట్ల) కోసం వెతుకుతున్నాను. ‘మల్టీగ్రెయిన్’ అని పెద్ద అక్షరాలున్న ఒక ప్యాకెట్ కొని, ఇంటికి వచ్చి వెనుకవైపు చదివితే మొదటి పేరు మైదా, రెండవది పామాయిల్. రాగులు, ఓట్స్ కలిపి ఐదు శాతం కూడా లేవు. మీరు ఏమి చూసి కొంటున్నారో దయచేసి చెప్పగలరు.

మెహిదీపట్నం గృహిణి:
పదార్థాలను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది నియమం కనుక, మొదటి మూడు పేర్లు చదివితే చాలావరకు తెలిసిపోతుందండీ. గోధుమపిండి అని మర్యాదగా రాసినా, దాని ముందు ‘రిఫైన్డ్’ అన్న మాట ఉంటే అది మైదాయే.

రాజేంద్రనగర్ పూర్వ విద్యార్థి:
ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ) 2018 నిబంధనల ప్రకారం, ఘనాహారంలో 100 గ్రాములకు కొవ్వు 3 గ్రాములు మించకపోతేనే ‘లో ఫ్యాట్’ అనీ, పీచు కనీసం 6 గ్రాములు ఉంటేనే ‘హై ఫైబర్’ అనీ రాయాలి. ఈ రెండు మాటలకూ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. పీచు సరిపడా ఉంటే, కొవ్వు 20 గ్రాములున్నా ‘హై ఫైబర్’ అనడం తప్పు కాదు. బిస్కట్‌కు గుల్లదనం ఇచ్చేది నూనే కాబట్టి, 3 గ్రాముల లోపు కొవ్వుతో దొరకడం అరుదు. నేనైతే కొవ్వు 10 లోపు, పీచు 6 పైన ఉన్నదానితో సరిపెట్టుకుంటాను. పోల్చేటప్పుడు ‘ఒక సర్వింగ్’ అంకెలను వదిలేసి 100 గ్రాముల వరుసనే చూడండి, ఎందుకంటే ఒక కంపెనీకి సర్వింగ్ అంటే రెండు బిస్కట్లు, మరొకదానికి నాలుగు. సోడియాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు లెక్క వస్తుంది: 800 మిల్లీగ్రాములంటే 2 గ్రాముల ఉప్పు. రోజంతటికీ 5 గ్రాములు మించవద్దంటారు కనుక, పెద్దవారికి ఇది కూడా ముఖ్యమే.

తార్నాక వాసి:
ధన్యవాదాలండీ. మీరు చెప్పిన తరువాత ఆ పాత ప్యాకెట్‌లోని నాలుగు బిస్కట్లను రాత్రి దినపత్రిక మీద పెట్టి చూశాను. పొద్దునకు కాగితంపై నాలుగు గుండ్రటి నూనె మరకలు, వాటిలోంచి అవతలి పేజీ అక్షరాలు కూడా కనిపించాయి.

నారాయణగూడ:
బిస్కట్టే కావాలన్న పట్టుదల లేకపోతే, పలుచగా కాల్చి ఆరబెట్టిన ఖడక్ జొన్నరొట్టెలను ముక్కలు చేసి ఇవ్వండి. జొన్నపిండి, నీళ్ళు, ఉప్పు తప్ప మరేమీ ఉండవు. అయితే పీచును ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరిస్తుంది కనుక, మొదట కొద్దిగా ఇచ్చి, నీళ్ళు ఎక్కువగా తాగించండి.

తార్నాక వాసి:
నిన్న ఇచ్చానండీ. చాయ్‌లో ముంచితే ఉస్మానియాలా మెత్తబడటం లేదని సణుగుతూనే మూడు ముక్కలు తిన్నారు.