కొత్తగా ఇళ్ల ఫోటోలు తీసేవారు మొదటి ఫ్లాట్లు ఉచితంగా తీయాలా?

కొత్త లెన్సు:
రెండేళ్లుగా పెళ్లిళ్లకు రెండో కెమెరాగా వెళ్తున్నాను. ముహూర్తాలు లేని నెలల్లో పని ఉండదు కాబట్టి ఇళ్ల ఫోటోలు తీద్దామనుకుంటున్నాను. కానన్ క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా, గదంతా పట్టే 10-18 ఎంఎం వైడ్ లెన్సు, ట్రైపాడ్ ఉన్నాయి. నిజాంపేటలో ఒక ఏజెంటు మొదటి మూడు ఫ్లాట్లు ఉచితంగా తీసిపెట్టమంటున్నారు. నచ్చితే తన పనంతా నాకే ఇస్తారట. ఒప్పుకోవాలా?

పాత ట్రైపాడ్:
ఒప్పుకోవద్దు. మచ్చు చూపించడానికి మీ ఇల్లు, మీ పిన్నిగారి ఇల్లు చాలు. ట్రైపాడ్ ఛాతీ ఎత్తులో పెట్టి, కెమెరాను పైకీ కిందికీ వంచకుండా తీస్తే గోడలు నిటారుగా వస్తాయి. ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, ఎఫ్ (లెన్సు రంధ్రం) 8 పెట్టండి. కిటికీ బయట అంతా తెల్లబారిపోతుంది కనుక ఒకే చోటు నుంచి వెలుగు తక్కువగా, మామూలుగా, ఎక్కువగా మూడు ఎక్స్‌పోజర్లు తీసి కలపండి. పగలైతే లైట్లు ఆర్పేయండి. రెండు రకాల వెలుగు కలిస్తే ఒకే గోడ ఒకవైపు నీలంగా, ఒకవైపు పసుపుగా కనబడుతుంది.

ఒకసారి ఉచితంగా వెళ్తే ఆ ఏజెంటు దగ్గర మీ ధర అదే. నాలుగో ఫ్లాటుకు డబ్బు అడగగానే ఇంకో కుర్రవాడిని వెతుక్కుంటారు. నాకు అదే జరిగింది.

దారినపోతూ:
మూడు కాకపోతే ఒకటి తీసివ్వండి. ఇంత ఆలోచన ఎందుకు?

మియాపూర్ ఏజెంటు:
రిజిస్ట్రేషన్ జరిగితే తప్ప నాకు రూపాయి రాదు. ఆరు నెలలు తిప్పి చూపించినా అమ్ముడుపోని ఫ్లాట్లున్నాయి. అలాంటప్పుడు పని చూడకుండా ముందే డబ్బెలా ఇస్తాను? ఒకరిని డబ్బిచ్చి పిలిస్తే బాత్‌రూంలో బకెట్టు, మంచం మీద ఉతికిన బట్టల కుప్ప అలాగే ఉంచి తీశారు. తమ్ముడూ, లెన్సు 10 దగ్గరే ఉంచు. హాలు పెద్దదిగా కనబడకపోతే ఫోను మోగదు.

పాత ట్రైపాడ్:
10 దగ్గర వద్దు. మీ కెమెరా మీద 10 అంటే ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) లెక్కలో 16, మరీ వెడల్పు. అంచున ఉన్న సోఫా సాగిపోతుంది. 14 దగ్గర తీయండి.

మియాపూర్ ఏజెంటు:
అయిదడుగుల బాత్‌రూంలో 14తో ఎక్కడ నిలబడాలి?

పాత ట్రైపాడ్:
నేను హాలు గురించి చెబుతున్నాను.

మియాపూర్ ఏజెంటు:
బాత్‌రూం కూడా ఆ ఇంట్లోదే కదా!

కొత్త లెన్సు:
అన్నా, నేను అడిగింది డబ్బు గురించి.

పాత ట్రైపాడ్:
డబ్బు సంగతే అయితే చట్టం కూడా తెలుసుకోండి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్నవారిదే ఫోటో మీద హక్కు. కనుక షరతులు కాగితం మీద రాసుకోండి.

మియాపూర్ ఏజెంటు:
అంటే ఉచితంగా తీస్తే హక్కు అతనిదే! మీ మాట ప్రకారమే ఉచితం మేలు.

పాత ట్రైపాడ్:
నేను ఉచితంగా తీసిన ఫోటోలు మూడు సైట్లలో వేరే ఏజెంట్ల పేర్లతో తిరిగాయి. ఆ హక్కు నాకు అన్నం పెట్టలేదు.

ఖమ్మం వాసి:
మీ ఇద్దరికీ ఒక మాట. ఫోటోలు చూసి మా అమ్మానాన్నలు ఖమ్మం నుంచి బస్సెక్కి వచ్చారు. ఫోటోలో పడకగది మైదానంలా ఉంది. వెళ్లి చూస్తే మంచం వేశాక బీరువా తలుపు తెరుచుకోదు. నాన్నకు మోకాళ్ల నొప్పులు. రోజంతా వృథా. 10, 14 అని మీరు కొట్టుకుంటున్నది మమ్మల్ని ఎంత మోసగించాలన్న దాని గురించే.

మియాపూర్ ఏజెంటు:
మోసం అనకండి. కొలతలు ప్రకటనలోనే రాస్తాం.

ఖమ్మం వాసి:
కొలతలు చూసి ఎవరు వస్తారు? ఫోటో చూసే కదా! తప్పుడు ప్రకటన నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవారికి పరిహారం ఇవ్వాలని రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 12వ సెక్షన్ చెబుతోంది.

మియాపూర్ ఏజెంటు:
అది బిల్డర్లకు. నావి పాత ఫ్లాట్లు. నేను ఉన్నదున్నట్టు తీయించిన ఇంటిని యజమాని నా చేతిలోంచి తీసి వేరే ఏజెంటుకిచ్చారు. ఆయన ఫోటోల్లో అదే హాలు రెండింతలుంది. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు, నేనేం చేయాలి?

పాత ట్రైపాడ్:
ఖమ్మం వారి మాట నాకు గుచ్చుకుంది. ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి చెబుతాను. ఉచితంగా తీసిన రెండో ఫ్లాటు బాల్కనీ ఎదురుగా హైటెన్షన్ తీగలున్నాయి. ఏజెంటు తుడిచేయమన్నారు, తుడిచేశాను. ఆ ఇల్లు చూడటానికి ఒక కుటుంబం వచ్చినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ఆవిడ బాల్కనీలో నిలబడి తీగలవైపు, చేతిలోని ఫోనువైపు మార్చి మార్చి చూశారు. డబ్బు తీసుకుని ఉంటే తుడవనని అనగలిగేవాడిని. ఎలాగైనా తర్వాతి పని దక్కాలనే ఆశతో ఉన్నాను కాబట్టి నోరు రాలేదు. ఉచితం వద్దని ఇన్నిసార్లు అంటున్నది అందుకే.

మియాపూర్ ఏజెంటు:
తీగలు తుడవమని నేనెవరినీ అడగలేదు. హాలు సంగతి మాత్రం ఒప్పుకుంటాను.

కొత్త లెన్సు:
నిజాంపేట ఏజెంటుకు ఇప్పుడే ఫోను చేశాను. ఒక్క ఫ్లాటు తీస్తాను, సగం డబ్బు ముందే ఇవ్వాలి, తీగలూ గోడ పగుళ్లూ తుడవను అని చెప్పాను. డబ్బుకు ఒప్పుకున్నారు. పగుళ్ల సంగతి రేపు చెబుతామన్నారు.