కేబిన్ క్రూ వాకిన్‌లో గ్రూప్ డిస్కషన్ ఎలా గట్టెక్కాలండి?

అందరికీ నమస్కారమండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. డిగ్రీ అయింది. వచ్చే నెల హైదరాబాద్‌లో కేబిన్ క్రూ (ఎయిర్ హోస్టెస్) ఉద్యోగాల వాకిన్ ఇంటర్వ్యూకి వెళ్దామనుకుంటున్నాను. నా ఎత్తు 158 సెంటీమీటర్లు. ఎమిరేట్స్ వాళ్ళు 160 అడుగుతారు కాబట్టి అది ఎటూ కుదరదు, ఇండిగోకైతే 155 చాలు.

నా బెంగంతా గ్రూప్ డిస్కషన్ గురించే. ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇంగ్లిష్ చదివితే అర్థమవుతుంది, రాస్తాను కూడా. మాట్లాడాలంటే మాత్రం ముందు తెలుగులో అనుకోవాలి, ఈలోపు పక్కవాళ్ళు అందుకుంటారు. అందరూ ఒక్కసారే మాట్లాడుతుంటే మధ్యలో ఎలా దూరాలండి? తక్కువ మాట్లాడితే అక్కడే పంపించేస్తారా? లేక నవ్వుమొహం, ఎదుటివాళ్ళు చెప్పేది వినడం కూడా చూస్తారా? మన గోదావరి యాస ఇంగ్లిష్‌లో కూడా తొంగిచూస్తుంది, అదేమైనా అడ్డమా?

ఇంకోటి. ఎడమ ముంజేతి మీద అరిసెల పాకం పడిన మచ్చ ఉంది, రూపాయి బిళ్ళంత. మేకప్‌తో కప్పేయాలా, అడగకముందే చెప్పేయాలా?

ఒక ట్రైనింగ్ సెంటర్ వాళ్ళు లక్ష పైనే కట్టమన్నారు. ఫ్రెషర్లకి కంపెనీయే శిక్షణ ఇస్తుంది కదా, ఇదెందుకని నా అనుమానం. అయినా ఆ డబ్బు మా దగ్గర లేదులెండి.

రాజమండ్రిలో గౌతమి ఎక్కి పొద్దున్నే సికింద్రాబాద్‌లో దిగుతాను. చీర నలక్కుండా స్టేషన్ వెయిటింగ్ రూమ్‌లోనే తయారవ్వచ్చా? మోకాళ్ళ దాకా స్కర్టే వేసుకోవాలంటే ఇప్పుడే చెప్పండి, మా నాయనమ్మని ఒప్పించడానికి టైమ్ పడుతుంది.