టిఫా స్కాన్‌లో బొడ్డు సిర కుడివైపు ఉందన్నారు, ఎవరికైనా ఇలా వచ్చిందా?

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర ఒక లంక గ్రామం. మా చెల్లికి తొలిచూలు, ఇప్పుడు 21వ వారం. మొన్న టిఫా స్కాన్‌లో (బిడ్డ అవయవాలన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసే స్కాన్) ‘పర్సిస్టెంట్ రైట్ అంబిలికల్ వెయిన్’ అని రాశారు. బొడ్డు సిర అంటే మావి నుంచి బిడ్డకి రక్తం తెచ్చే నాళం. మామూలుగా బిడ్డలో కుడి బొడ్డు సిర మూసుకుపోయి ఎడమది మిగులుతుందట. ఈ బిడ్డకి కుడిది మిగిలింది.

రిపోర్టు పదిసార్లు చదివాను. సిర కాలేయం లోపలి నుంచే వెళ్తోంది, డక్టస్ వీనోసస్ (ఆ సిర నుంచి రక్తాన్ని గుండె వైపు తీసుకెళ్లే చిన్న నాళం) కనబడుతోంది, గుండె, కిడ్నీలు బాగున్నాయని ఉంది. వేరే లోపం ఏదీ లేకపోతే చాలావరకు పిల్లలు ఆరోగ్యంగానే పుడతారని, డక్టస్ లేకుండా సిర నేరుగా గుండెలో కలిస్తే మాత్రం ఎక్కువ జాగ్రత్తపడాలని మా డాక్టరుగారు చెప్పారు. అయినా చెల్లికి టెన్షన్‌తో నిద్ర లేదు. అమ్మేమో గ్రహణం రోజు బయటికొచ్చినందుకే అంటోంది. ఆ మాట వింటే దాని ముఖం చూడలేకపోతున్నాను.

వచ్చే వారం ఫీటల్ ఎకోకి (కడుపులో బిడ్డ గుండెను చూసే స్కాన్) కాకినాడ తీసుకెళ్తున్నాం. అక్కడ తప్పకుండా ఏమేం అడగాలి? మీలో ఎవరికైనా జన్యుపరీక్ష చేయించమన్నారా? కాన్పు అమలాపురంలోనే చేయించవచ్చా, పిల్లల గుండె డాక్టరున్న చోటికే వెళ్లాలా? ఇదే రిపోర్టు వచ్చిన తల్లులుంటే, మీ బిడ్డ ఇప్పుడెలా ఉందో ఒక్క మాట రాయండి. చెల్లికి చదివి వినిపిస్తాను.