బోరు నీళ్లు కలిపితే కొల్లాయిడల్ సిలికా గడ్డకట్టింది, మిగిలింది కాపాడేదెలా?

అందరికీ నమస్కారం. మాది వరంగల్. నాన్న మట్టి అచ్చులతో ఇత్తడి విగ్రహాలు పోసేవారు. సన్నని నగిషీ బాగా దిగుతుందని నేను సిరామిక్ షెల్ పద్ధతికి మారాను. 30 శాతం కొల్లాయిడల్ సిలికాలో (నీళ్లలో అతి సన్నని సిలికా కణాలు తేలుతుండే ద్రావణం) జిర్కాన్ అనే, వేడిని తట్టుకునే ఖనిజపు పౌడర్ కలిపి, మైనం బొమ్మను ముంచి, ఇసుక చల్లి ఆరబెడతాం. అలా గట్టిపడిన పెంకే షెల్; అందులోంచి మైనం కరిగించి తీసేసి ఇత్తడి పోస్తాం. మొదట్లో అమ్మవారి ముక్కుపుడక మీది చుక్కలు కూడా అచ్చుగుద్దినట్టు వచ్చాయి.

ఎండలకు ఒక డ్రమ్ములో ద్రావణం చిక్కబడితే మా కుర్రాడు బోరు నీళ్లు పోశాడు. మూడో రోజు గరిటెతో తీస్తే గడ్డపెరుగులా ముక్కలు ముక్కలుగా జారింది. నీళ్లలోని ఉప్పుల వల్ల సిలికా కణాలు ఒకదానికొకటి అతుక్కుంటాయని, ఒకసారి గడ్డకడితే మళ్లీ పలచబడదని తర్వాత తెలిసింది. అది పోయినట్టే.

ఇంకో డ్రమ్ములోనూ చెంబెడు పోశాడట. అది ఇంకా పలచగానే ఉంది, పీహెచ్ 9.2 చూపిస్తోంది. వాడొచ్చా? డిస్టిల్డ్ వాటర్ కలిపితే సరిపోతుందా? మైనం కరిగించేటప్పుడు షెల్ ముక్కు దగ్గరే పగులుతోంది, అది దీనివల్లేనా, సరిగా ఆరకనా? శ్రావణమాసం ఆర్డర్లు ఒప్పుకున్నాను, చాలా టెన్షన్‌గా ఉంది. ఈ పని స్వయంగా చేసినవాళ్లు దయచేసి చెప్పండి.