అప్‌డేట్: నల్ల కారు మీద గీతలు, పాలిష్ అయింది
మా నల్ల కారు మీద ఎండలో సాలెగూడులా సన్న గీతలు కనిపిస్తున్నాయి, పాలిష్ చేయించాలా, ఉత్త గ్లేజ్ (గీతల్ని కప్పేసే మెరుపు పూత) సరిపోతుందా అని అడిగాను కదా. ఒంగోలులో రెండూ చేయించాను.

మాది చీమకుర్తి. గ్రానైట్ లారీల దుమ్ము రోజూ పడేదే. అందుకే ముందు షాంపూతో కడిగి క్లే బార్ రుద్దారు. అది పెయింట్‌కి అంటుకున్న మురికిని లాగే బంకమట్టి లాంటి తెల్లటి ముద్ద, బానెట్ ఒక్కటి అయ్యేసరికి బూడిద రంగుకి తిరిగింది.

తర్వాత మెషీన్ పాలిష్. అది క్లియర్ కోట్‌ని, అంటే రంగు మీద ఉండే పారదర్శక పొరని, పైపైన అరగదీసి గీతని నిజంగానే తీసేస్తుంది. గ్లేజ్ అలా కాదు. అందులోని నూనెలు, ఫిల్లర్లు గీతల్లో నిండి వాటిని కనబడనివ్వవు, కొన్ని సార్లు కడిగాక అవి పోయి గీతలు మళ్ళీ కనిపిస్తాయి. అయినా మెరుపు మాత్రం అదిరింది! పైన వ్యాక్స్ వేయించాను. సిరామిక్ కోటింగ్ (పెయింట్‌కి పట్టి గట్టిపడే రక్షణ పూత) కూడా వేసేద్దాం అన్నాడు షాపాయన. గ్లేజ్ జిడ్డు మీద అది సరిగా పట్టదని మీలో ఒకరు ముందే చెప్పబట్టి వద్దన్నాను.

డ్రైవర్ డోర్ మీద గోటికి తగిలే గీత ఒకటి అలాగే ఉంది. దాన్ని తీయబోతే క్లియర్ కోటే పోతుంది, వదిలేశాం.

పొడిగుడ్డతో దుమ్ము తుడిస్తే మళ్ళీ గీతలు పడతాయి కాబట్టి ఇక అది బంద్. మా నాన్నకి అదొక్కటే మింగుడు పడటం లేదు.