పౌలు చెప్పిన "నోటిమాట"కు ఈనాడు అధికారం ఉందా?

ప్రశ్న
అందరికీ వందనాలు. 2 థెస్స 2:15లో పౌలు "మా నోటిమాటవలననైనను మా పత్రికవలననైనను" నేర్చుకున్నవాటిని చేపట్టమన్నాడు. మార్కు 7:13లో యేసేమో పారంపర్యాచారం దేవుని వాక్యాన్ని నిరర్థకం చేస్తోందని గద్దించాడు. రెంటినీ కలిపి ఎలా అర్థం చేసుకోవాలి?

జవాబు 1
మూలంలో రెండుచోట్లా ఒకే గ్రీకు పదం, పరదోసిస్. ఒకరు ఇంకొకరికి అప్పగించినది అని అర్థం. మన తెలుగు బైబిల్లో అది మార్కులో "పారంపర్యాచారము", థెస్సలొనీకలో "విధులు", 1 కొరింథీ 11:2లో "కట్టడలు" అయింది. అందుకే ఒకే పదమని తెలియదు. యేసు గద్దించింది కొర్బాను (దేవునికి అర్పితం) అని పేరు చెప్పి తల్లిదండ్రుల్ని పోషించకుండా తప్పించుకోనిచ్చే ఆచారాన్ని. నోటిమాట ఊరికే పోలేదనడానికి అపొ. కార్యములు 20:35 చూడండి. "పుచ్చుకొనుటకంటె ఇచ్చుట ధన్యము" ప్రభువు మాటే, కానీ నాలుగు సువార్తల్లోనూ లేదు.

జవాబు 2
నిజమే బ్రదర్. అయితే నోటిమాట దారి తప్పడం కూడా బైబిల్లోనే ఉంది. "నేను వచ్చువరకు అతడుండుట నాకిష్టమైతే" అని యేసు అంటే, ఆ శిష్యుడు చావడనే మాట సహోదరుల్లో పాకింది (యోహాను 21:23). "ఇష్టమైతే"లోని "అయితే" రాలిపోయింది. దాన్ని సరిదిద్దింది రాతలో ఉన్న సువార్తే. క్రీ.శ. 180 ప్రాంతంలో బిషప్పు ఐరేనియస్ అంతటివాడు కూడా యేసు యాభైకి దగ్గరపడేదాకా బోధించాడని, యోహానును ఎరిగిన ఆసియా పెద్దలే ఇందుకు సాక్షులని రాశాడు. సుమారు ముప్పై ఏళ్లకు మొదలుపెట్టాడన్న లూకా 3:23తో కలిపి, సువార్తల్లోని పస్కాలు (ఏటా వచ్చే యూదుల పండుగలు) లెక్కపెడితే అది పొసగదు. రెండు తరాలకే ఇలా అయింది. అందుకే చివరి తీర్పు లేఖనానిదే అంటాం.

జవాబు 3
అదే ఐరేనియస్, రహస్యబోధ తమకే అందిందన్న నాస్టిక్కులు అనే వర్గాలకు ఎదురుగా, అపొస్తలుల తర్వాత వరసగా వచ్చిన అధ్యక్షులు (బిషప్పులు) బహిరంగంగా బోధించినదాన్ని చూపించాడు. ఆ వరస లేకపోతే నాస్టిక్కులు లేఖనాన్ని తమకు తోచినట్టు తిప్పేసేవారు. పైగా కొత్త నిబంధనలో ఏ పుస్తకాలుండాలో ఏ వచనమూ చెప్పదు. సరిగ్గా ఆ 27 పేర్లే ఉన్న తొలి జాబితా 367లో అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియస్ రాసిన ఈస్టర్ లేఖలో కనిపిస్తుంది. లేఖనమంతా దైవావేశం వల్ల కలిగిందనే 2 తిమోతి 3:16 ఎత్తేవాళ్లు దాని ముందున్న 15వ వచనమూ చదవాలి. తిమోతి బాల్యం నుంచి ఎరిగినవి పాత నిబంధన లేఖనాలు.

కతోలిక సంఘపు ట్రెంట్ సభ చిత్తుప్రతిలో సత్యం "కొంత గ్రంథాల్లో, కొంత సంప్రదాయాల్లో" ఉందని రాశారు. 1546 ఏప్రిల్ 8న ఖాయం చేసినప్పుడు "కొంత" తీసేసి "గ్రంథాల్లోనూ సంప్రదాయాల్లోనూ" అన్నారు. కాబట్టి కతోలికులు బైబిల్లో సగమే ఉందంటారనడం న్యాయం కాదు.

ప్రశ్న అడిగినవారు
మరి తూర్పు ముఖంగా ప్రార్థించడం లాంటివి?

జవాబు 2
కైసరియ బిషప్పు బాసిల్ 4వ శతాబ్దంలో దాన్ని, సిలువ గుర్తునూ రాయని సంప్రదాయాలుగానే చెప్పాడు. ఏ వచనానికీ అడ్డుకాదు, చేసుకోవచ్చు. చేయనివాళ్లకు రక్షణ లేదంటే మాత్రం వచనం చూపించమని అడగండి.