కరోనా రెండేళ్ళలో ఏజెన్సీలో ఇటుకల పండగ ఎలా జరిగింది? అక్కడివాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి

సముద్రంపక్కోడు:
అందరికీ నమస్తే. నాది వైజాగ్, పీజీ చేస్తున్నా. ప్రాజెక్టు కోసం పాడేరు అరకు వైపు ఊళ్ళలో కరోనా ఆంక్షల వల్ల పండగలకి, ఆటపాటలకి ఏమైంది అనే టాపిక్ తీసుకున్నా. 2020లో ఉగాది మార్చి 25న వచ్చింది, దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది కూడా సరిగ్గా ఆ రోజే. ఇటుకల పండగ చైత్రంలోనే కదా, అంటే పండగ నెల మొదటిరోజే తాళం పడ్డట్టు. మళ్ళీ 2021లో ఉగాది ఏప్రిల్ 13, అప్పుడేమో సెకండ్ వేవ్. ఊరి మొదట్లో చెట్లు కొట్టి అడ్డంగా పడేసి బయటోళ్ళు రావద్దని బోర్డు పెట్టిన ఫోటోలు అప్పట్లో పేపర్లో చూశాను.

మా గైడ్ సార్ ఏమంటారంటే రెండేళ్ళు గ్యాప్ వచ్చింది కాబట్టి పిల్లలు థింసా డ్యాన్సు మరిచిపోయారు, సంప్రదాయం దెబ్బతింది, ఆ లైన్లో రాసెయ్ అని. నాకెందుకో అంత సింపుల్‌గా ఉండదనిపిస్తోంది. అరకు వెళ్ళాను గానీ అక్కడ రిసార్టుల ముందు టూరిస్టుల కోసం ఆడే థింసానే చూశాను, దాన్ని బట్టి ఏం రాస్తాం. ఊళ్ళో నిజంగా ఏం జరిగిందో చెప్పగలరా? పండగ ఆగిందా?

హుకుంపేట కుర్రోడు:
ఆగడం ఏటి బ్రో. ఇటుకల పండగ ఆపితే విత్తనం ఎలగ వేస్తారు? మీకు అదొక పండగలాగ కనిపిస్తాది గానీ మాకు అది సాగు పనిలో మొదటి పని. ఇంటింటి నుంచి సామ, చోడి, కొర్ర, వరి విత్తనాలు తెచ్చి శంకుదేవుడి దగ్గర పెట్టి పూజారి పూజ చేసాక మళ్ళీ పంచుతారు, ఆ విత్తనం ఇంట్లో విత్తనంలో కలిపి వానలు పడ్డాక జల్లుతాం. అది చెయ్యకుండా మా తాత అయితే కొండపోడులో కాలు కూడా పెట్టడు. కరోనా వచ్చిందని వాన ఆగదు కదా.

2020లో కూడా చేసాం. కాకపోతే దిశారి మంచిరోజు చూసి చెప్పాక బారిక రాత్రి ఊళ్ళో చాటింపు వేసినప్పుడు ఇంకో మాట కలిపాడు, చుట్టాలని ఎవర్నీ పిలవొద్దు అని. అంతే తేడా. మామూలుగా అయితే ఆ వారం ఇంట్లో కాలు పెట్టడానికి ఖాళీ ఉండదు. వేటకి వెళ్ళడం కూడా జరిగింది, కొండ మనదే కదా ఎవడు ఆపుతాడు, ఏమీ దొరక్కుండా వస్తే ఆడోళ్ళు పేడనీళ్ళు కొట్టడం కూడా జరిగింది, ఆ సంవత్సరం మా బాబాయి బాగా తిన్నాడు ఆ పేడనీళ్ళు 😀

లేనిదల్లా పజోరు. అంటే ఆడోళ్ళు రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి పాటలు పాడి వచ్చే పోయే బండ్ల దగ్గర డబ్బులు అడుగుతారు చూడు, అది. కర్ర అయితే ఉంది, కరోనా కర్ర, బండే లేదు. మా పిన్నిలు రెండురోజులు కూచుని లేచి వచ్చీసారు. పజోరు డబ్బుతోనే పండగ ఆఖర్న అందరూ కలిసి భోజనం పెట్టుకుంటారు, ఆ సంవత్సరం ఎవరింట్లో వాళ్ళే తిన్నారు.

పాఠాలక్క:
మీ గైడ్ గారి మాటకి రివర్స్‌లో చూశాను నేను. ఏజెన్సీలో టీచర్‌గా చేశాను, ఏ ఊరో చెప్పను. ఇక్కడ పిల్లలు మూడో తరగతి నుంచో ఐదో తరగతి నుంచో ఆశ్రమ పాఠశాలలో ఉంటారు, ఇంటికి వచ్చేది సంక్రాంతికి, ఎండాకాలం సెలవులకి. చైత్రంలో పండగ టైముకి పరీక్షలు నడుస్తుంటాయి. కాబట్టి చాలామంది పిల్లలకి ఇటుకల పండగ అంటే ఇంటికొచ్చాక అమ్మ చెప్పే కబురే. 2020 మార్చిలో స్కూళ్ళు మూసేసి అందర్నీ ఇళ్ళకి పంపేశారు కదా, అప్పుడు మొదటిసారి పండగ మొత్తం కళ్ళారా చూసిన పిల్లలు నా క్లాసులోనే ఉన్నారు. తర్వాత స్కూలు తెరిచాక ఒక ఏడో తరగతి పిల్ల థింసాలో నాకు తెలియని అడుగులు వేసి చూపించింది, ఎవరు నేర్పారే అంటే నాయనమ్మ అంది. ఇప్పపువ్వు ఏరడం, అడ్డాకులు కోసి విస్తర్లు కుట్టడం, ఏ దుంప ఎప్పుడు తవ్వాలి ఇవన్నీ వచ్చాయి వాళ్ళకి.

అలాగని లాక్‌డౌన్ వరం అని రాసెయ్యకండి దయచేసి. ఆన్‌లైన్ క్లాసులు అన్నారు, సిగ్నల్ కోసం కొండెక్కి చెట్టుకింద కూచున్నారు, ఫోను లేని వాళ్ళు అదీ లేదు. చదవడం మర్చిపోయి వచ్చారు కొందరు, ఇద్దరు ఆడపిల్లలు అసలు వెనక్కే రాలేదు, పెళ్ళి చేసేశారు. నాయనమ్మ దగ్గర నేర్చుకున్నదీ నిజమే, ఇదీ నిజమే, రెండూ రాయండి.

గట్టు అవతల:
నేను ముంచింగిపుట్టు సైడు, ఒడిశా బోర్డర్. హుకుంపేట తమ్ముడు చెప్పింది ఊరి లోపల సంగతి, అది కరెక్టే. ఊరి లోపల దేవుడు ఉన్నాడు, పూజారి ఉన్నాడు, కోడి ఉంది, జరిగిపోతాది. కానీ మాకు సగం చుట్టాలు మాచ్‌ఖండ్ నది అవతల కోరాపుట్‌లో ఉంటారు, అమ్మాయిని ఇచ్చినా తెచ్చుకున్నా అటే, మాట్లాడే ఆదివాసీ ఒడియా కూడా ఒకటే. మాకు అది బోర్డర్ అని ఎప్పుడూ అనిపించలేదు, నడిచి వెళ్ళి నడిచి వచ్చీవాళ్ళం. 2020లో మొదటిసారి అక్కడ చెక్‌పోస్టు పెట్టి అది వేరే రాష్ట్రం అని చెప్పారు. మా పెద్దమ్మ అవతల పోయింది, దినానికి కూడా వెళ్ళలేకపోయాం. సావు ఇంటికి డప్పు తీసుకెళ్ళకపోవడం మా నాన్న ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇంకోటి సంత. మీ చదువుకున్నోళ్ళు కల్చర్ అంటే డ్యాన్సు పండగ అనుకుంటారు, మాకు సగం కల్చర్ సంతలోనే ఉంది. చింతపండు, పిప్పళ్ళు, పసుపు అమ్ముకుని ఉప్పు, ఎండుచేపలు, కిరసనాయిలు కొనుక్కునీది అక్కడే, అది ఒక సంగతి. సంబంధాలు కుదిరేది అక్కడ, పక్కూరి పండగ ఏ రోజో తెలిసేది అక్కడ, థింసాకి ఊదే మోరి కొత్తది కావాలంటే ఎవడు చేస్తాడో దొరికేది అక్కడ. మార్చి ఏప్రిల్ అంటే చింతపండు దించే సీజను, సంతలు మూసేసరికి ఇంట్లోనే బుట్టల్లో ఉండిపోయింది. తర్వాత ఊళ్ళోకే వచ్చి కొంటాం అన్నారు, అన్ని ఊళ్ళకీ రాలేదు, ఎంతకంటే అంతకి ఇచ్చీసినవాళ్ళు ఉన్నారు.

థింసాకి కూడా అంతే. ఊరికి ఊరు వెళ్ళి ఆడితేనే దానికి పోటీ, మజా. మా ఊరి జట్టు ఎదరూరు వెళ్తుంది, వాళ్ళు మనూరు వస్తారు, తుడుము, డప్పు, కిరిడి, మోరి అన్నీ ఒకే ఊళ్ళో ఉండవు కూడా. మా ఊళ్ళో డప్పులు ఉన్నాయి మోరి ఊదేవాడు లేడు, పక్కూరి ముసలాయనే వచ్చి ఊదేవాడు. రెండేళ్ళు దారి మూసేసరికి ఆయన రాలేదు, 2021లో పోయాడు, కరోనాయో వయసో ఎవరూ టెస్టు చెయ్యలేదు. ఇప్పుడు మా ఊళ్ళో మోరి లేకుండానే ఆడుతున్నారు. లేకపోతే ఫోనులో రికార్డు పెట్టి సౌండ్‌బాక్స్‌కి కనెక్ట్ చేస్తారు. కాబట్టి గైడ్ సార్‌కి చెప్పు, అడుగులు ఎవరూ మరిచిపోలేదు, వాయించేవాడు పోయాడు.

సముద్రంపక్కోడు:
అన్నా ఇది చాలా పెద్ద పాయింటు, థాంక్స్. ఒక డౌటు, ఆ దారికి చెట్లు అడ్డం వేసే ఐడియా ఎవరిది? ప్రభుత్వం చెప్పిందా, ఊరే చేసుకుందా?

హుకుంపేట కుర్రోడు:
ఎవరూ చెప్పలేదు, ఊరే. మావోళ్ళకి ఇది కొత్త కాదు, పూర్వం ఏదైనా రోగం వస్తే కొన్నాళ్ళు పొలిమేర కట్టీసీవారని, లోపలోడు బయటికి వెళ్ళడు బయటోడు లోపలికి రాడు అని మా తాత చెప్తాడు. అప్పుడు తోరణం కట్టేవారట, ఇప్పుడు చెట్టు పడేశారు. తాత ఏమన్నాడంటే మోదీ గారు ఇప్పుడు చెప్తున్నారు అని 😀

అయితే ఒక తేడా ఉంది. రోగం పట్టుకొచ్చింది మన పిల్లలే అని భయం. విజయవాడ, హైదరాబాదు పనులకి వెళ్ళిన కుర్రోళ్ళు నడిచి నడిచి వస్తే ఊరి బయట పాకలో ఉంచారు, అమ్మ అన్నం అక్కడ పెట్టి దూరంగా నిలబడేది. ఇంకా పెద్ద తలనొప్పి ఎప్పుడంటే పురిటినొప్పులు వస్తే డోలీ కట్టాలి, మన అడ్డం మనమే తీసుకుని వెళ్ళాలి మళ్ళీ వేసుకోవాలి.

మంచుకొండల పిచ్చోడు:
నేను ఏజెన్సీ కాదు, నల్గొండ. కానీ ఇలాంటిదే హిమాచల్ స్పితిలో కూడా జరిగింది కాబట్టి చెప్తున్నా. అక్కడ 2020 సీజన్ మొత్తం టూరిస్టులు రావద్దని లోకల్ కమిటీవాళ్ళే తీర్మానం చేసుకున్నారు, ఎండాకాలం వచ్చే ఆ డబ్బే సంవత్సరమంతా తినాలి అయినా సరే వదులుకున్నారు. అక్కడి కాజా అనే ఊళ్ళో ఆడవాళ్ళు క్వారంటైన్ లేకుండా వచ్చాడని ఒక మంత్రి కాన్వాయ్‌నే ఆపేశారు, తర్వాత వాళ్ళ మీద కేసులు కూడా పెట్టారు. అరుణాచల్‌లో గాలో తెగవాళ్ళు 2020 మార్చిలో అలీ తెర్నమ్ అని రోగం రాకుండా చేసే పాత క్రతువు చేసి 48 గంటలు ఊళ్ళు మూసుకున్నారు. ప్రాజెక్టులో ఒక చాప్టర్ పోల్చి రాయొచ్చు మీరు. స్పితికి ఒకసారి వెళ్ళండి అసలు, ఆ ఆకాశం చూడాలి.

కాఫీతోట:
ఆకాశం చూడాలి 🙏 ఇదిగో ఇక్కడే నాకు మండుతుంది. మాది పాడేరు పక్కనే. లాక్‌డౌన్‌లో మా దగ్గర పాడైంది ఏమీ లేదు అంటాను నేను, పాడైంది లాక్‌డౌన్ ఎత్తేశాకే. వంజంగి కొండ తెలుసు కదా, ఇప్పుడు మేఘాలకొండ అంటున్నారు. 2020 చలికాలం దాకా ఆ కొండ పేరు బయట ఎంతమందికి తెలుసు? మాకది బోనంగమ్మ కొండ, అమ్మవారి కొండ. ఇళ్ళల్లో మూసుకుని విసుగొచ్చిన సిటీ జనం ఎవడో పెట్టిన ఒక వీడియో చూసి తెల్లారుజామున మూడింటికి కార్లు వేసుకుని వచ్చిపడ్డారు. మాస్కులు లేవు, ఊళ్ళో ఎవరినీ అడిగింది లేదు, సీసాలు, చిప్స్ ప్యాకెట్లు, ఇంకా చెప్పకూడనివి అన్నీ కొండమీదే. మేం తొమ్మిది నెలలు చెట్టు అడ్డం వేసుకుని జాగ్రత్తగా ఉంటే వీళ్ళు మంచు కోసం ఒక్క వారంలో వచ్చీసారు. అప్పటికి సెకండ్ వేవ్ ఇంకా రాలేదు, వ్యాక్సిన్ లేదు, గుర్తుందా.

డబ్బు రాలేదా అంటే వచ్చింది, టీ కొట్లు, టెంట్లు, పార్కింగు, మా తమ్ముడు కూడా టెంటు పెట్టాడు నేను వద్దనలేదు. ఆ సంవత్సరం కాఫీకి రేటు కూడా లేదు, ఏం తింటాడు మరి. కానీ ప్రాజెక్టు రాసేవాళ్ళు ఆంక్షల వల్ల సంస్కృతికి నష్టం అని మొదలెడతారు చూడండి, ఆంక్షలు లేకపోవడం వల్ల నష్టం గురించి కూడా నాలుగు పేజీలు రాయండి.

పాఠాలక్క:
కాఫీతోట గారూ, కొంత ఒప్పుకుంటాను. కానీ లాక్‌డౌన్‌లో పాడైంది ఏమీ లేదు అనకండి, పైన మోరి ఊదే పెద్దాయన సంగతి చదివారుగా. వ్యాక్సిన్ వచ్చాక కూడా సూది వేస్తే చచ్చిపోతారని పుకారు నమ్మి ముసలివాళ్ళు అడవిలోకి వెళ్ళిపోయేవారు కొన్ని ఊళ్ళలో. ఆశా అక్కలు వాళ్ళ భాషలో కూచుని చెప్తే తప్ప రాలేదు. పాటలు, మందులు, వంశాల కథలు అన్నీ ఆ ముసలివాళ్ళ దగ్గరే ఉన్నాయి.

సముద్రంపక్కోడు:
అందరికీ చాలా థాంక్స్. లాస్ట్ క్వశ్చన్, మోదకొండమ్మ జాతర సంగతేంటి? 2020, 2021 రెండేళ్ళూ జరగలేదని విన్నాను.

కాఫీతోట:
జాతర జరగలేదు, మే నెలలో పాడేరు అంత ఖాళీగా ఎప్పుడూ చూడలేదు. అమ్మవారికి పూజలు మాత్రం పూజారులు చేశారు, జనం లేరు. 2022లో చేశారు, అప్పటికి పాడేరు కొత్త జిల్లాకి హెడ్‌క్వార్టర్ కూడా అయిపోయింది, ఇసకేస్తే రాలనంత జనం. నువ్వు రావాలంటే జాతరకి రాకు, అప్పుడు ఎవరికీ నీతో మాట్లాడే తీరిక ఉండదు. ఇటుకల పండగకి రా.

గట్టు అవతల:
వస్తే మా సైడు కూడా రా తమ్ముడూ. మంచి రికార్డర్ ఏదైనా ఉంటే పట్టుకురా. కోరాపుట్‌లో ఒనకడెల్లి వైపు మోరి ఊదేవాళ్ళు ఇంకా ఇద్దరు ముగ్గురు ఉన్నారని మా బావ అంటున్నాడు, మా ఊరి కుర్రాళ్ళు ఇద్దరు నేర్చుకుంటాం అంటున్నారు, నీతోపాటు తీసుకెళ్తాను. పజోరు దగ్గర మాత్రం చిల్లర రెడీగా ఉంచుకో, ఫోన్‌పే అంటే ఊరుకోరు.

హుకుంపేట కుర్రోడు:
మా పిన్ని దగ్గర స్కానర్ ఉంది అన్నా ఇప్పుడు 😀